కాగితం మీద తెలిసిన ఇంగ్లీషు ఫోన్‌లో ఎందుకు అందడం లేదు?

ప్రశ్న: మాది చిత్తూరు. రోజూ బస్సులో తిరుపతికి వచ్చి బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక కంపెనీలో వాయిస్ ప్రాసెస్ (ఫోన్‌లో కస్టమర్లతో మాట్లాడే) ఉద్యోగానికి గ్రామర్, టైపింగ్ రౌండ్లు దాటాను. అమెరికన్ కస్టమర్ కాల్ వినిపించి ప్రశ్నలడిగిన రౌండులో పోయింది. తర్వాత ఆ కాల్‌ను కాగితం మీద చూస్తే నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. వొకాబులరీ కోర్సులో చేరమంటున్నారు. చేరాలా?

జవాబు: చేరకండి. ఆ డబ్బు దండగ. కాగితం మీద తెలియని మాట లేదని మీరే రాశారు కదా. మీకు రావలసింది కొత్త మాటలు కాదు. తెలిసిన మాటలే మామూలు సంభాషణలో ఎలా కుదించుకుపోతాయో చెవికి అలవాటు కావాలి.

మనం ఇంట్లో ‘వస్తా ఉండాను’ అని విడదీసి పలకం, ‘వస్తాండా’ అంటాం. చిన్నప్పటి నుంచి ఆ రూపమే విన్నాం కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంగ్లీషు మాత్రం మనకు బడిలో, ఒక్కో మాటనూ పూర్తిగా పలికే గొంతుతో వచ్చింది. పైగా తెలుగులో అచ్చు పొట్టిదా పొడుగుదా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది గనుక మన చెవి ప్రతి అచ్చునూ వెతుకుతుంది. ఇంగ్లీషువాళ్లు వాక్యంలో ముఖ్యమైన రెండు మూడు మాటలనే నొక్కి పలుకుతారు. మధ్యలో ఉండే టు, ఆఫ్, అండ్, హావ్, దెమ్ లాంటివి మసక ‘అ’గా మారి పక్క మాటకు అతుక్కుపోతాయి.

‘ఐ షుడ్ హావ్ టోల్డ్ హిమ్’ అన్నది ‘ఐ షుడ టోల్డిమ్’గా వస్తుంది. హావ్‌లో మిగిలింది ఒక్క ‘అ’, హిమ్‌లో ‘హ’ పోయింది. ‘డిడ్ యు’ కాస్తా ‘డిజు’, ‘ప్రాబబ్లీ’ కాస్తా ‘ప్రాబ్లీ’ అవుతాయి. అమెరికన్ల నోట రెండు అచ్చుల మధ్య ‘ట’ మెత్తబడి మన ‘డ’కు దగ్గరవుతుంది. అందుకే ‘గెట్ ఇట్’ మనకు ‘గెడిట్’ అని వినిపిస్తుంది. హల్లుల మధ్య చిక్కుకున్న ట, డ ఏకంగా రాలిపోతాయి: ‘నెక్స్ట్ మంత్’ ‘నెక్స్ మంత్’ అవుతుంది. కస్టమర్ ‘ఐ చేంజ్డ్ ప్లాన్స్’ అన్నా ‘ఐ చేంజ్ ప్లాన్స్’ అన్నా వినడానికి దాదాపు ఒకటే. ప్లాన్ మార్చడం అయిపోయిందా లేదా అన్నది ముందూ వెనకా మాటల్ని బట్టే పట్టుకోవాలి.

పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాళ్లూ ఇలా సందర్భం మీదే ఆధారపడతారు. 1960లలో పోలాక్, పికెట్ అనే పరిశోధకులు ఇంగ్లీషు సంభాషణల నుంచి ఒక్కో మాటను కత్తిరించి వినిపిస్తే ఆ భాషవాళ్లే సుమారు సగం మాత్రమే గుర్తుపట్టారు. 2002లో మిర్యం ఎర్నెస్టస్ అనే పరిశోధకురాలి బృందం డచ్ భాషలో బాగా కుదించిన మాటలతో ఇలాగే పరీక్షించింది. విడిగా వినిపిస్తే సగానికి కాస్త పైగా, పూర్తి వాక్యంలో వినిపిస్తే 90 శాతానికి పైగా గుర్తించారు. కాబట్టి మీరు నేర్చుకున్న గ్రామర్ వృథా కాదు. ‘షుడ్’ తర్వాత ‘టోల్డ్ హిమ్’ విన్నారంటే మధ్యలో ‘హావ్’ ఉండి తీరాలి. ఆ ఖాళీని నింపేది గ్రామరే.

ఇక సాధన. రోజుకు 25 నిమిషాలు చాలు, కానీ ఇయర్‌ఫోన్స్‌తో, నిశ్శబ్దంగా ఉన్న చోట. న్యూస్ బులెటిన్లు ఎంచుకోకండి, వాటిలో మాటల్ని చాలావరకు స్పష్టంగా పలుకుతారు. ఇద్దరు మాట్లాడుకునే పాడ్‌కాస్ట్ లేదా ఇంటర్వ్యూ తీసుకోండి. మనిషి సరిచూసిన ట్రాన్‌స్క్రిప్ట్ ఉండాలి, ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్‌లో తప్పులుంటాయి. అందులో 20 నుంచి 30 సెకన్ల ముక్క చాలు. ఒకసారి ఊరికే వినండి. తర్వాత మూడు నాలుగుసార్లు ఆపుతూ రాయండి, అందని మాటకు ఒక గీత పెట్టండి. అప్పుడే ట్రాన్‌స్క్రిప్ట్ తెరవాలి. ముందే సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే కన్ను చదివేస్తుంది, చెవికి పని ఉండదు.

అసలు ఫలితం ఇచ్చేది ఆ తర్వాతి మెట్టు, చాలామంది దాన్నే వదిలేస్తారు. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: మాటే తెలియదా, తెలిసినా కుదించి పలికారా, ఒక మాట ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో పొరబడ్డానా, అంకె పొరపాటా. వారం చివర లెక్కపెడితే మీ విషయంలో రెండోది, మూడోది ఎక్కువ తేలతాయని నా అంచనా. తప్పు పడిన రెండు సెకన్లను మాత్రం కాగితం చూస్తూ ఐదారుసార్లు, చూడకుండా ఐదారుసార్లు వినండి. మర్నాడు మళ్లీ ఒకసారి. బస్సులో కొత్త ముక్కలు మొదలుపెట్టకండి. ఇంజిన్ హోరులో ముందుగా కలిసిపోయేవి ఈ బలహీనమైన ధ్వనులే. ముందే సాధన చేసినవి వినడానికి ఆ ప్రయాణం బాగుంటుంది.

వేగం 0.75కు తగ్గించి వింటే మాటలు ఎక్కడ కలిశాయో కొంత తెలుస్తుంది, కానీ రాలిపోయిన ధ్వని తిరిగి రాదు. దానికన్నా యూగ్లిష్ అనే ఉచిత సైట్‌లో ‘షుడ్ హావ్’ లాంటి పదబంధం కొట్టి, అమెరికన్ ఉచ్చారణ ఎంచుకుని, వరుసగా పదిహేను ఇరవై గొంతుల్లో వినండి. ఒక్క మాట కాకుండా పదబంధమే వెతకండి.

కెన్, కాంట్ తేడాను విడిగా సాధన చేయండి. ఉద్యోగంలో చేరాక ఎక్కువ నష్టం చేసేది ఇదే. అమెరికన్ ‘ఐ కెన్ పే’ అన్నప్పుడు కెన్ ‘కన్’ అని నలిగిపోయి ‘పే’ బలంగా వస్తుంది. ‘కాంట్’ అన్నప్పుడు ‘క్యాన్’ అని అచ్చు నిండుగా వినిపించి, చివరి ‘ట’ గొంతులోనే ఆగిపోతుంది. మనమేమో ‘ట’ కోసం చూస్తాం, అది వినపడకపోతే కెన్ అనుకుంటాం. కట్టలేనన్న కస్టమర్‌ను కడతానన్నట్టు రాసేస్తాం. నిండుగా ‘క్యాన్’ వినిపిస్తే కాదన్నారేమోనని అనుమానించండి. అప్పుడు ‘జస్ట్ టు కన్ఫర్మ్, యు కెనాట్ పే టుడే?’ అని పూర్తి రూపంలో తిరిగి అడగండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ దగ్గరా అంతే: ‘వన్ ఫైవ్’ అని అంకెలు విడదీసి సరిచూసుకోండి.

మీరు మాట్లాడేటప్పుడు మాత్రం ఈ కుదింపులు అనుకరించనక్కర్లేదు. వాయిస్ రౌండులో స్పష్టంగా, నింపాదిగా మాట్లాడితే సాధారణంగా మార్కులు పోవు.

మళ్లీ ఎన్ని నెలల తర్వాత దరఖాస్తు చేయవచ్చో ఆ కంపెనీ హెచ్‌ఆర్‌కు ఇప్పుడే మెయిల్ చేసి కనుక్కోండి. ఆ తేదీని బట్టి సాధన మొదలుపెట్టండి.