గాంధీ కోసం లక్ష మైళ్లు

చెన్నై పాఠకులు ఈ నెల పంపిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మనిషి చుట్టూ తిరిగాయి. రెండు సంచికల క్రితం ఎ.కె.చెట్టియార్ పేరును ఒక్క వాక్యంలో ప్రస్తావించి ఊరుకున్న తప్పు నాదే కనుక, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆయనకూ ఆయన పనికీ కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి విజువల్ కమ్యూనికేషన్ చదువుతోంది. గాంధీజీ బతికి ఉండగానే ఆయన జీవితంపై పెద్ద డాక్యుమెంటరీ తీసిన వ్యక్తి మన మద్రాసులోనే ఉండేవారని మీరు రాశారు. ఆయన ఎవరండీ? కెమెరా పని ఎక్కడ నేర్చుకున్నారు?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, ఆయనే ఎ.కె.చెట్టియార్. 1911లో తమిళనాట చెట్టినాడులోని కోట్టైయూరులో పుట్టారు. యౌవనంలో రంగూన్ వెళ్లి అక్కడ ఒక తమిళ పత్రికకు సంపాదకత్వం వహించారు. ఆ తరువాత టోక్యోలోనూ, అక్కడి నుంచి న్యూయార్క్ వెళ్లీ ఛాయాగ్రహణం అభ్యసించారు. వ్యాపారానికి సముద్రాలు దాటే కుటుంబాలున్న ప్రాంతంలో పుట్టి, కెమెరా విద్య కోసం సముద్రాలు దాటిన మనిషి ఆయన.

1937 అక్టోబరు 2న న్యూయార్క్ నుంచి డబ్లిన్ వైపు ఓడలో ప్రయాణిస్తూ, ఆ రోజు గాంధీజీ పుట్టినరోజని గుర్తుకు వచ్చినప్పుడు, ఆయన జీవితాన్ని చలనచిత్రంగా తీయాలన్న ఆలోచన చెట్టియార్‌కు కలిగింది. అప్పటికి ఆయనకు ఇంకా 26 ఏళ్లు నిండలేదు. తరువాతి మూడేళ్లలో నాలుగు ఖండాలు చుట్టి, సుమారు లక్ష మైళ్లు ప్రయాణించి, ఆ ఆలోచనను నెరవేర్చుకున్నారు. 1940 ఆగస్టు 23న, రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా, చిత్రం తమిళ వ్యాఖ్యానంతో విడుదలైంది. ఆపైన తెలుగులోనూ, స్వాతంత్ర్యం వచ్చిన 1947లో హిందీలోనూ వచ్చింది. 1943లో ‘కుమరి మలర్’ అనే పత్రికను ప్రారంభించి, 1983లో కన్నుమూసేవరకు దానితోనే ఉన్నారు. యాత్రా రచయితగా తమిళులు ఆయనను ఈనాటికీ చదువుతారు. మీ అమ్మాయి మాత్రం ఆయనను ముందుగా ఛాయాగ్రాహకుడిగా, దర్శకుడిగా తెలుసుకోవాలని నా కోరిక.

ప్రశ్న: లక్ష మైళ్లు తిరిగారన్నారు. గాంధీజీ సేవాగ్రామ్‌లో ఉంటే చెట్టియార్ గారు ప్రపంచమంతా ఎందుకు తిరిగినట్లు? కెమెరా తీసుకుని నేరుగా ఆశ్రమానికి వెళితే సరిపోయేది కదా?
— ఒక పాఠకుడు, త్యాగరాయనగర్

జవాబు: ఆ పనిలోని కష్టమూ గొప్పతనమూ మీ ప్రశ్నలోనే ఉన్నాయండీ. 1937 తరువాత కెమెరా పట్టుకుని వెళ్లినవాడికి 1937 తరువాతి గాంధీయే దొరుకుతారు. దక్షిణాఫ్రికా రోజులు, 1930 దండి యాత్ర, 1931 లండన్ రౌండ్ టేబుల్ సమావేశం అప్పటికే గడిచిపోయాయి. వాటిని తీసిన కెమెరామన్లు వేరు, ఆ రీళ్లు ఉన్న దేశాలు వేరు. దండి యాత్రపై బొంబాయి కంపెనీలు తీసిన చిత్రాలను ప్రభుత్వం నిషేధించింది. 1931లో అమెరికా వార్తాచిత్రాల సంస్థ ఫాక్స్ మూవీటోన్ బృందం గుజరాత్‌లోని బోర్సద్‌లో గాంధీజీ మాటలను శబ్దంతో సహా చిత్రీకరించింది గానీ, అటువంటి రీళ్లన్నీ విదేశీ న్యూస్‌రీల్ కంపెనీల గిడ్డంగులకు చేరాయి. చెట్టియార్ వాటిని వెతుక్కుంటూ తిరిగారు. ముప్పై ఏళ్ల కాలంలో సుమారు వందమంది కెమెరామన్లు తీసిన ముక్కలతో 50,000 అడుగుల ఫిలిం పోగుచేసి, అందులోంచి 12,000 అడుగుల చిత్రం కూర్చారు.

ఈ అంకెలను కాలంలోకి మార్చి చూడండి. 35 ఎం.ఎం. ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే 50,000 అడుగులు తొమ్మిదింపావు గంటలు, 12,000 అడుగులు రెండు గంటల పదమూడు నిమిషాలు. కూర్పు బల్ల దగ్గర కూర్చున్నవాడు దాదాపు ఏడు గంటల గాంధీని పక్కన పెట్టాల్సి వచ్చిందన్నమాట. ఏది వదలాలో నిర్ణయించడమే దర్శకత్వంలో అన్నిటికన్నా బరువైన పని అని, ఎడిటింగ్ గదుల్లో ఇన్నేళ్లు గడిపాక నేను నమ్ముతున్నాను.

ఇందులోనే మరో చిక్కు ఉంది. మూకీ కాలంలో చాలా దృశ్యాలను సెకనుకు 16, 18 ఫ్రేముల వేగంతో, కొన్నిటిని చేత్తో మరతిప్పుతూ తీసేవారు. వాటిని 24 ఫ్రేముల వేగంతో వేస్తే మనుషులు తరుముకొస్తున్నట్లు గబగబా నడుస్తారు. దాన్ని సరిచేయడానికి ల్యాబులో కొన్ని ఫ్రేములను రెండేసి సార్లు ముద్రిస్తారు. గాంధీజీ విషయంలో ఇది మరీ సున్నితం, ఎందుకంటే ఆయన స్వతహాగానే చాలా వేగంగా నడిచేవారు. తెరమీద కనిపించే ఆ వేగంలో ఎంత ఆయనది, ఎంత యంత్రానిది అని తేల్చాలంటే పక్కన నడుస్తున్నవారిని చూడాలి, గాలికి ఎగిరే గుడ్డను చూడాలి, కాళ్ల కింద లేచిన దుమ్ము ఎంతసేపట్లో అణుగుతోందో చూడాలి. ఎవరో ఎప్పుడో తీసిన దృశ్యాన్ని ఇంత శ్రద్ధగా చదవడం నేర్చుకుంటే తప్ప, పాత ఫుటేజీతో చిత్రం కూర్చే దర్శకుడు సత్యానికి న్యాయం చేయలేడు.

ప్రశ్న: ఆ తెలుగు చిత్రాన్ని ఇప్పుడు ఎక్కడైనా చూడవచ్చా? మా తాతగారు చూశానని చెప్పేవారు.
— ఒక పాఠకుడు, వ్యాసార్‌పాడి

జవాబు: మీ తాతగారు చూసిన ఆ పూర్తి చిత్రం మనకు దక్కలేదు. దాని ఆధారంగా 1953లో అమెరికాలో కుదించిన ఇంగ్లీషు రూపం మాత్రం మిగిలింది. చరిత్రకారుడు ఎ.ఆర్.వెంకటాచలపతి, చెట్టియార్ రచనలను వెతికి, సంపాదించి, ప్రచురించిన తరువాతనే ఈ చిత్రం కథ మళ్లీ నలుగురి నోళ్లలో నానింది. ఆ ఇంగ్లీషు ప్రతి శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక విశ్వవిద్యాలయంలో బయటపడింది. మద్రాసులో పుట్టిన చిత్రం అంత దూరంలో బతికి ఉండటం నాకు సంతోషాన్నీ బాధనూ కలిపి కలిగిస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో కూడా చెప్పాలి. ఆ కాలపు 35 ఎం.ఎం. ఫిలిం నైట్రేటుతో తయారయ్యేది. అది సులభంగా అంటుకుంటుంది, అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, అంటుకోకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ జిగురై, చివరికి పొడి అవుతుంది. దాని స్థానంలో వచ్చిన ఎసిటేటు ఫిలిం మంటకు భయపడదు గానీ వేడికీ తేమకూ లొంగిపోతుంది. మన చెన్నైలో ఆ రెండింటికీ కొదవ లేదు. కోడంబాకంలో ఒక పాత ఇంట్లో నేను ఒకసారి తుప్పుపట్టిన రీలు డబ్బా మూత తీశాను. ముందు వచ్చింది బొమ్మ కాదు, వాసన. ఆవకాయ జాడీ పక్కన వెనిగర్ సీసా ఒలికినట్లు గుప్పుమన్న ఆ వాసనకు కళ్లు మండాయి. రీలు అంచులు చేపపొలుసుల్లా వంగిపోయి ఉన్నాయి. కొసను పట్టుకుని మెల్లగా లాగితే పొరకు పొర అంటుకుని, బొమ్మ ఉన్న పూత కింది చుట్టుకే ఉండిపోయింది. ఒక పెళ్లి ఊరేగింపు, అందులో కొన్ని ముఖాలు. అంతకన్నా ఎక్కువ నేను చూడలేకపోయాను. డబ్బా పైన పేరుగానీ తేదీగానీ లేవు.

ప్రశ్న: డాక్యుమెంటరీలో కెమెరా, దర్శకత్వం ఒక్కరే చూసుకోవడం మంచిదేనా?
— ఒక విద్యార్థి, తరమణి

జవాబు: కొన్ని చోట్ల అదే మంచిది. గాంధీజీ ఆశ్రమంలో ఫోటోలు తీసిన కనూ గాంధీకి మూడు షరతులు ఉండేవి. ఫ్లాష్ వాడకూడదు, గాంధీజీని ఫోటో కోసం నిలబెట్టకూడదు, ఖర్చు ఆశ్రమం భరించదు. అటువంటి చోటికి పదిమంది బృందం పనికిరాదు, ఒక్క మనిషి ఒక్క కెమెరాతో మూల నిలబడాలి. కానీ చెట్టియార్ తాను కెమెరా విద్య నేర్చినవాడై ఉండి కూడా, పారిస్‌లో చదివి వచ్చిన పి.వి.పతి వంటి సమర్థుడైన ఛాయాగ్రాహకుణ్ణి తోడు తెచ్చుకున్నారు. తన చేతికన్నా ఎదుటివాడి చేయి మేలనుకున్నప్పుడు కెమెరా అప్పగించగలగడం కూడా దర్శకుడికి ఉండవలసిన గుణమే. మీరు ముందు ఏదో ఒక పనిని క్షుణ్ణంగా నేర్చుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు ఇరవై ఏళ్లు డాక్యుమెంటరీలకు కెమెరామన్‌గా పనిచేసి పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన తీసిన మినీ డీవీ క్యాసెట్లు రెండు అట్టపెట్టెల నిండా అటక మీద ఉన్నాయి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కొత్తూరుపురం

జవాబు: అమ్మా, ముందుగా ఈ రోజే వాటిని అటక మీద నుంచి దింపండి. మిద్దె వేడి నేరుగా తగిలే చోటు టేపుకు శత్రువు. పడకగదిలో బీరువా మధ్య అర నయం. క్యాసెట్లను పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. ప్రతి క్యాసెట్ వెనుక అంచున చిన్న మీట ఉంటుంది. దాన్ని ‘సేవ్’ అని రాసి ఉన్న వైపు జరిపితే పొరపాటున వాటిపై మరేదీ రికార్డు కాదు. క్యాసెట్ మీద ఉండే చిన్న కిటికీలోంచి చూసినప్పుడు టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే ఇంట్లో ఉన్న పాత కెమెరాలో పెట్టవద్దు. ఒక్క బూజు క్యాసెట్ కెమెరాలో టేపును చదివే హెడ్డును పాడుచేసి, తరువాత పెట్టిన మంచి క్యాసెట్లను కూడా చెడగొడుతుంది. క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే పని చేసేవారికి అప్పగించి, కెమెరానూ కంప్యూటరునూ నేరుగా కలిపే ఫైర్‌వైర్ అనే తీగ ద్వారా ఎక్కించమని అడగండి. అలా ఎక్కిస్తే టేపు మీద ఉన్న డిజిటల్ సమాచారం ఉన్నదున్నట్లు వస్తుంది. తెరను మరో కెమెరాతో తీసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

ఆ పని జరుగుతుండగానే మీ అమ్మగారినీ, నాన్నగారితో కలిసి పనిచేసినవారినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఏ క్యాసెట్ ఏ ఊరిది, అందులో ఉన్నవారెవరు, ఏ సంవత్సరం అని అడిగి ఒక నోటు పుస్తకంలో రాయండి. క్యాసెట్ మీద ఉన్న సంఖ్యనే పుస్తకంలోనూ వేయండి. 2015 డిసెంబరు వరదల్లో మీ కొత్తూరుపురంలో కింది అంతస్తుల్లోకి నీళ్లు వచ్చిన సంగతి మీకు నేను గుర్తుచేయనక్కరలేదు. అందుచేత హార్డ్ డిస్కులు రెండు కొని, ఒకటి ఇంట్లో ఉంచి, రెండోది ఈ ఊరు దాటించి నెల్లూరులోనో బెంగళూరులోనో ఉన్న బంధువుల దగ్గర ఉంచండి. ఆ నోటు పుస్తకానికి జిరాక్సు తీసి దానితోపాటే పంపండి.