నూనె డబ్బా మార్చే ముందు

అమ్మీ,

అల్లుడికి కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరు చెప్పగానే చెనిక్కాయల నూనె బంద్ పెట్టి సన్‌ఫ్లవర్ డబ్బా తెచ్చావట. అనంతపురంలో ఉంటూ చెనిక్కాయతో పగ పెట్టుకుంటే ఎట్లా?

ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేని కొవ్వులు రెండు రకాలు, ఒమేగా-6, ఒమేగా-3. అవి తిండిలోంచే రావాలి. 1929లో బర్ అనే అమెరికా దంపతులు కొవ్వు లేని తిండి పెట్టి ఎలుకల్ని పెంచితే అవి సరిగా ఎదగలేదు, తోకలకు పొలుసులు లేచాయి. అందుకని నూనె మొత్తం మానేస్తామనొద్దు. ఒమేగా-6కు మనకు కరువు లేదు. చెనిక్కాయల నూనెలో దాదాపు మూడో వంతు అదే, మామూలు సన్‌ఫ్లవర్‌లో దానికి రెట్టింపు. ఒమేగా-3 మాత్రం రెండింట్లోనూ లేనట్టే. నెయ్యి, డాల్డా, పామాయిల్ తగ్గించి వాటి బదులు ఈ నూనెలు వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఉన్నదానికి తోడు ఇంకా పోస్తే ఒళ్లు పెరగడం తప్ప లాభం లేదు. మీ నలుగురికి నెలకు రెండు లీటర్లు చాలు.

ఇక ఒమేగా-3కి అవిసె గింజలు తెచ్చుకో. సన్నమంట మీద చిటపటలాడేదాకా వేయించి, ఆరనిచ్చి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి మిక్సీ పట్టు. గింజల్ని అట్లాగే మింగితే అరగకుండా బయటికి పోతాయి. పొడి తొందరగా పాడవుతుంది కాబట్టి వారానికి సరిపడా కొట్టి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టు. పెద్ద చెంచా పొడిలో సుమారు 1.5 గ్రాముల ఒమేగా-3 ఉంటుంది. సంగటిలోకి ఊరిబిండి బదులు ఒకపూట ఇది పెట్టి చూడు. నీళ్లు బాగా తాగమను. గంగవాయిలాకు దొరికితే పప్పులో వెయ్యి, అందులోనూ కొంత ఉంటుంది.

అయితే అవిసెల్లోది చేపల్లో ఉండే రకం కాదు, ఒళ్లు దాన్ని ఆ రకంగా మార్చుకునేది చాలా తక్కువ. కవళ్లు, కానాగంతలు లాంటి సముద్రపు చేపలు మార్కెట్టుకొస్తే వారానికి రెండుసార్లు పులుసు పెట్టు. వేపుడు వద్దు.

బజ్జీలు కాల్చిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం మాత్రం మానెయ్యి, తల్లీ. ఈ ఒమేగా రకం కొవ్వులు కాగేకొద్దీ చెడిపోతాయి, అందులో సన్‌ఫ్లవర్ ఇంకా తొందరగా.

అల్లుడు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అవిసెల సంగతి డాక్టరుకు ముందే చెప్పు. పొడి తింటున్నాడు కదా అని కొలెస్ట్రాల్ మాత్ర మాన్పించొద్దు. మళ్లీ పరీక్ష చేయించాక ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ