ప్రొఫెసర్లు రాజకీయాల్లోకి రావచ్చా? క్లారా పొన్సాతీ విషయంలో నా జవాబు

అడిగిన ప్రశ్న: "ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్లు రాజకీయాల్లోకి వస్తే ప్రజలకు మేలు జరుగుతుందా? కాటలోనియా స్వాతంత్ర్యవాది క్లారా పొన్సాతీ ఉదాహరణతో చెప్పగలరా?"

జరుగుతుంది, కానీ ఒక షరతు ఉంది. క్లాసులో లెక్క మొదలుపెట్టే ముందు "మనం అనుకుంటున్నవి ఇవీ" అని బోర్డు మీద రాస్తారు కదా, ఆ పని ఓటర్ల ముందు కూడా చేయాలి. పొన్సాతీ ఆ పని చేశారు, కాకపోతే అంతా అయిపోయాక చేశారు. నా కోపం ఆ ఆలస్యం మీదే. అంతమంది స్వాతంత్ర్యవాద నాయకుల్లో, చేతిలో ఏమీ లేకుండానే ఆడామన్న మాట అంత సూటిగా బయటికి అన్నది ఆవిడే కాబట్టి, నా గౌరవం కూడా ఆవిడ మీదే.

మేము స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో, బార్సిలోనాలో ఉంటాం. మావారి ఉద్యోగం కోసం వచ్చాం, బాబు ఇక్కడి ప్రభుత్వ బడిలో చదువుతున్నాడు. 2017 అక్టోబర్ 1న కాటలోనియా స్వాతంత్ర్యం మీద రిఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) జరిగినప్పుడు ఆ బడే పోలింగ్ కేంద్రం. అప్పటి కాటలోనియా విద్యాశాఖ మంత్రి పొన్సాతీ. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

ముందు ఆవిడ గురించి నాలుగు మాటలు. 1957లో బార్సిలోనాలో పుట్టారు. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి 1988లో పీహెచ్‌డీ. ఆవిడ సబ్జెక్ట్ గేమ్ థియరీ, అందులోనూ బేరసారాలు. ఇద్దరు ఒక విషయం మీద పట్టుబట్టి కూర్చున్నప్పుడు ఎవరు ఎంత దిగుతారు, బేరం చెడితే ఎవరికి వేరే దారి ఉంది అన్నదాని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అమెరికాలోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో స్పెయిన్ ప్రభుత్వం డబ్బుతో నడిచే ఒక పీఠంలో పాఠాలు చెప్పేవారు. 2013లో దాన్ని పొడిగించలేదు. స్వాతంత్ర్యం గురించి తాను బహిరంగంగా మాట్లాడటమే దానికి కారణమని ఆవిడ అప్పట్నుంచీ చెబుతున్నారు. తర్వాత స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీకి వెళ్లి, అక్కడ ఎకనామిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. అంత హాయిగా ఉన్న మనిషిని 2017 జులైలో కాటలోనియా ప్రభుత్వ అధ్యక్షుడు కార్లెస్ పుజ్‌దెమోన్ మంత్రివర్గంలోకి పిలిచారు. రిఫరెండానికి అప్పటికి మూడు నెలలు కూడా లేదు. కేసులు పడతాయేమో, ఆస్తులు పోతాయేమో అని తటపటాయించినవాళ్లు తప్పుకుంటుంటే ఈవిడ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. పదవి మీద ఆశ ఉన్నవాళ్లెవరూ ఆ టైంలో ఆ పదవి తీసుకోరు.

ఇక ఆ వారాంతం సంగతి. స్పెయిన్ ఒప్పుకోని రిఫరెండం కాబట్టి, పోలింగ్ కేంద్రాలు తెరవకుండా చూడమని హైకోర్టు పోలీసులను ఆదేశించింది. ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా బడులు ఖాళీగా కనిపిస్తే సీల్ వేస్తారు, లోపల పిల్లల కార్యక్రమాలేవైనా నడుస్తుంటే వేయడం కష్టం. అందుకని శుక్రవారం బడి వదిలాక ఎవరూ ఇంటికి పోలేదు. మా బడిలో అయితే జిమ్ హాలులో స్లీపింగ్ బ్యాగులు పరిచేశారు. గోడ మీద పిల్లల సినిమా, శనివారం మధ్యాహ్నం పెద్ద పెనం పెట్టి ఆవరణలోనే పాయెల్లా, అంటే ఇక్కడి అన్నం వంటకం. నేను పులిహోర చేసి పట్టుకెళ్లాను, గిన్నె ఖాళీ అయిపోయింది. ప్రిన్సిపాళ్ల మీద కేసులు పడకుండా, ఆ రోజుల్లో ప్రభుత్వ బడుల బాధ్యత మొత్తం తానే తీసుకుంటున్నానని పొన్సాతీ ప్రకటించారు. ఆ వార్త ఫోన్లో చదివి మా బాబు టీచర్ కళ్లనీళ్లు పెట్టుకుంది. బడివాళ్ల మీదకు వచ్చేదాన్ని ఒక మంత్రి తన నెత్తిన వేసుకోవడం ఆ అమ్మాయి ఎప్పుడూ చూసి ఉండదు. నేనూ చూడలేదు.

ఆదివారం తెల్లవారకముందే వాన మొదలైంది. అయినా వీధి చివరిదాకా గొడుగులే. మా కింద ఫ్లోర్‌లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు, మా బాబు ఆవిడని యాయా అని పిలుస్తాడు, అంటే ఇక్కడి పిల్లల మాటలో నాయనమ్మ అని. స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలంలో చదువుకున్న మనిషి. అప్పట్లో బడిలో కాటలాన్ నేర్పేవారు కాదు కాబట్టి, ఆవిడకి సొంత భాషలో మాట్లాడటం తప్ప తప్పుల్లేకుండా రాయడం ఈనాటికీ రాదు. ఆ రోజు పెళ్లికి వెళ్తున్నట్టు తయారై, ముత్యాల కమ్మలు పెట్టుకుని, చేతికర్రతో వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. నాకు ఓటు లేదు, కానీ ఆవిడని తీసుకెళ్లేవాళ్లు ఇంకెవరూ లేరు.

కాసేపటికి ఒక మామూలు కారు వచ్చి ఆగింది. జనం ఎవరూ చెప్పకుండానే రెండుగా చీలి దారి ఇచ్చారు. ఇద్దరు కుర్రాళ్లు చెత్త వేసే నల్ల కవర్లలో చుట్టిన డబ్బాలు దింపుకుని లోపలికి పరిగెత్తారు. బ్యాలెట్ బాక్సులు! తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, నల్ల మూత, చైనాలో తయారైనవి. నెలల తరబడి పోలీసులు వెతికినా దొరకలేదు. తర్వాత స్థానిక పోలీసులు ఇద్దరు వచ్చారు, జనాన్ని చూశారు, కాగితం మీద ఏదో రాసుకుని ఓ పక్కన నిలబడ్డారు. లోపల ఓటర్ల జాబితా చూసే యాప్ మాటిమాటికీ ఆగిపోతోంది. నెట్‌వర్క్ మీద బరువు తగ్గాలి, అందరూ ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి అని ఒకాయన కుర్చీ ఎక్కి అరిచాడు. అందరూ పెట్టేశారు. దాంతో బయట ఏం జరుగుతోందో మాకు తెలియని పరిస్థితి. వేరే బడుల్లో జాతీయ పోలీసులు తలుపులు పగలగొడుతున్నారని ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారు, చెప్పినప్పుడల్లా తలుపు దగ్గర మనుషులు ఇంకాస్త దగ్గరగా జరిగేవారు. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ముసలివాళ్లను ముందు పంపించారు. యాయా ఓటు వేసి బయటికి రాగానే వీధంతా చప్పట్లు. ఆవిడ చేతికర్ర పైకెత్తి ఊపారు.

మా బడికి జాతీయ పోలీసులు రాలేదు. వచ్చిన చోట్ల ఏం జరిగిందో ప్రపంచమంతా వీడియోల్లో చూసింది. వెయ్యి మందికి పైగా వైద్యం చేయించుకున్నారని కాటలోనియా ఆరోగ్యశాఖ లెక్క చెప్పింది. ఇన్ని జరిగినా ఓటర్లలో దాదాపు 43 శాతం మంది ఓటు వేశారు, అందులో 90 శాతం స్వాతంత్ర్యానికే. స్వాతంత్ర్యం వద్దనుకునేవాళ్లు చాలామంది అసలు ఓటుకే రాలేదన్నది కూడా నిజం. ఆ మాట దాచి 90 శాతం అని మాత్రమే చెప్పేవాళ్లంటే నాకు చిరాకు.

తర్వాత జరిగింది చూడండి. అక్టోబర్ 10న పుజ్‌దెమోన్ కాటలోనియా పార్లమెంటులో స్వాతంత్ర్యం మాట ఎత్తి, కొన్ని సెకన్లలోనే దాన్ని వాయిదా వేశారు. అప్పటికే కైషాబ్యాంక్ తన ప్రధాన కార్యాలయాన్ని వాలెన్సియాకు, సబదెల్ బ్యాంకు అలికాంతేకు మార్చుకున్నాయి. 27న అక్కడే 70 ఓట్లతో స్వాతంత్ర్య ప్రకటన నెగ్గింది. అదే రోజు స్పెయిన్ సెనేట్, ప్రాంతీయ ప్రభుత్వాన్ని కేంద్రం తన చేతిలోకి తీసుకునే 155వ అధికరణకు ఓకే చెప్పింది, కాటలోనియా ప్రభుత్వం రద్దయిపోయింది. కొత్త దేశాన్ని ఏ ఒక్క దేశమూ గుర్తించలేదు. పొన్సాతీ, పుజ్‌దెమోన్, ఇంకొందరు మంత్రులు బెల్జియం చేరుకున్నారు.

2018లో ఆవిడ ఒక సభలో అన్నమాట ఇక్కడ బాంబులా పేలింది. మేము పోకర్ ఆడుతున్నాం, చేతిలో ముక్కల్లేకుండానే ఉన్నట్టు నటించాం అన్నది దాని సారాంశం. పన్ను వసూలు, సరిహద్దు, ఖజానా, దేనికీ అసలైన ఏర్పాటు లేదన్నమాట. బేరాల మీద జీవితమంతా పరిశోధన చేసిన మనిషికి ఇది ఇంకెవరికన్నా బాగా తెలియాలి. చీరల కొట్లో ధర కుదరక లేచి నడిచామంటే, పక్క వీధిలో ఇంకో కొట్టు ఉండాలి. లేదని కొట్టువాడికి తెలిసిపోతే వెనక్కి పిలవడు. మాడ్రిడ్, అంటే స్పెయిన్ కేంద్ర ప్రభుత్వం, పిలవలేదు.

బ్లఫ్ చేయడం తప్పని నేననను, రాజకీయమన్నాక అదీ ఉంటుంది. కానీ ఆ బ్లఫ్‌ని మాడ్రిడ్ నమ్మలేదు, నమ్మింది జిమ్ హాలులో పడుకున్న తల్లిదండ్రులు. మా దగ్గర ఏర్పాట్లేమీ లేవు, ఇది ఒత్తిడి పెట్టడానికే అని ముందే చెప్పినా వాళ్లలో చాలామంది వచ్చేవారే. యాయా అయితే ఖాయంగా వచ్చేవారు. తెలిసి వచ్చే హక్కు వాళ్లకు ఉంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. మాది వరంగల్. ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లో ఎవరో ఒకరు దీన్ని "స్పెయిన్ తెలంగాణ" అంటారు, యూట్యూబ్‌లోనూ అదే హెడ్డింగు. అది తప్పు. తెలంగాణ అడిగింది దేశం లోపల వేరే రాష్ట్రం, దానికి మన రాజ్యాంగంలో మూడో అధికరణ ఉంది, పార్లమెంటు బిల్లు పాస్ చేస్తే సరిపోయింది. స్పెయిన్ రాజ్యాంగం రెండో అధికరణ దేశాన్ని విడదీయరానిది అంటుంది, అసలు తలుపే లేదు. అవే గ్రూపుల్లో ఇంకో గొడవ, పిల్లలకు కాటలాన్ మీడియం ఎందుకు, స్పానిష్ చాలదా అని. ఇంట్లో తెలుగు నిలబడాలని ఆదివారం క్లాసులు పెట్టేవాళ్లే ఈ మాట అంటుంటే నాకు బాధేస్తుంది.

మళ్లీ అసలు సంగతికి వస్తాను. పారిపోయింది కదా అంటారు కొందరు. అప్పటి ఉపాధ్యక్షుడు ఒరియోల్ జున్కెరాస్ లాంటివాళ్లు ఇక్కడే ఉండి మూడున్నరేళ్లు జైల్లో గడిపారు, వాళ్ల త్యాగం పెద్దదే. కానీ పొన్సాతీ దాక్కోలేదు. 2018 మార్చిలో ఆవిడ మళ్లీ స్కాట్లాండ్‌లో ఉన్నప్పుడు స్పెయిన్ నుంచి అరెస్టు వారెంటు వస్తే, తానే ఎడిన్‌బరోలో పోలీస్ స్టేషన్‌కి వెళ్లారు. లాయర్ ఖర్చుల కోసం విరాళాలు అడిగితే చూస్తుండగానే రెండు లక్షల పౌండ్లు దాటాయి. సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ ఆవిడ వెంట నిలబడింది. ఆ వారెంటును జులైలో స్పెయినే వెనక్కి తీసుకుంది. 2019లో మళ్లీ ఇంకోటి, మళ్లీ తానే వెళ్లారు. చివరిదాకా స్కాట్లాండ్ ఆవిడను అప్పగించలేదు. 2020లో బ్రెక్సిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) వల్ల స్పెయిన్‌కు అదనంగా సీట్లు వస్తే యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలయ్యారు.

కోవిడ్ మొదటి రోజుల్లో మాడ్రిడ్ చావుల మీద ఆవిడ పెట్టిన ట్వీట్ మాత్రం దారుణం. తర్వాత తీసేశారు, కానీ దాన్ని నేను సమర్థించను.

2023 మార్చి 28న ఉన్నట్టుండి బార్సిలోనాలో ప్రత్యక్షమయ్యారు. ప్రెస్ మీట్ పెట్టి బయటికి వచ్చి, కేథడ్రల్ ముందు నిలబడితే పోలీసులు అరెస్టు చేశారు. చేసింది మాడ్రిడ్ నుంచి వచ్చిన పోలీసులు కాదు, కాటలోనియా సొంత పోలీసులే. తన పార్లమెంటు కార్డు తీసి చూపిస్తూ ఈ అరెస్టు చెల్లదని వాదించారు. కొన్ని గంటల తర్వాత వదిలేశారు. అప్పటికి, ఆవిడ మీద మొదట పెట్టిన దేశద్రోహం లాంటి పాత సెక్షన్‌ని చట్టం నుంచే తీసేశారు కాబట్టి, మిగిలింది జైలు శిక్ష లేని ధిక్కారం కేసు ఒక్కటే.

2024 మే ఎన్నికల్లో తత్వశాస్త్రవేత్త జోర్డి గ్రౌపేరాతో కలిసి అలోరా అనే కొత్త పార్టీ తరఫున నిలబడ్డారు. పాత పార్టీలు జనానికి అబద్ధం చెప్పాయన్నదే వాళ్ల ప్రచారం. ఒక్క సీటూ రాలేదు. ఆ ఎన్నికల్లో స్వాతంత్ర్య పార్టీలన్నీ కలిపి కూడా మెజారిటీ కోల్పోయాయి. నిజం చెప్పినందుకు ఓడిపోయారని ఆవిడ అభిమానులు అంటారు. నా లెక్క వేరు. ఆ నిజం 2017 సెప్టెంబర్‌లో చెప్పి ఉంటే ఓట్లు తగ్గినా మనుషులు మిగిలేవారు.

ఆవిడ గురించి ఇంకా తెలుసుకోవాలంటే 2017 వీడియోలతో మొదలుపెట్టకండి. 2013లో జార్జ్‌టౌన్‌లో ఏం జరిగిందో ముందు చదవండి, ఆ తర్వాత బేరాల మీద ఆవిడ రాసిన పేపర్లు చూడండి. గేమ్ థియరీ కాస్త వచ్చినవాళ్లకి అర్థమవుతాయి. 2018లో ఆవిడ అన్న పోకర్ మాటను వాటి పక్కన పెట్టి చూడండి.