అమ్మలూ, లైట్లు బిగించే ముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు బండికి ఫాగ్ లైట్లు తనే బిగించుకుంటుందట. తెల్లవారుజామున నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్తుందట. నువ్వైనా చెప్పు" అంది. వద్దని చెప్పమని తన ఉద్దేశం. నాకైతే ముందు గర్వమే అనిపించింది. నలభై ఏళ్లు బండ్ల వైరింగ్ పని చేశాను. మన ఇంట్లో టెస్టర్ పట్టుకోవాలని సరదా పడ్డది నువ్వొక్కదానివే. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

పని మొదలెట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు తీయి, ఆఖర్న పెట్టు. నీళ్లు దిగని స్విచ్ కొనుక్కో. రిలే అంటే స్విచ్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును కలిపే చిన్న డబ్బా. దానికి నంబర్లు వేసిన నాలుగు కాళ్లుంటాయి. 30కి బ్యాటరీ ప్లస్, 87 నుంచి లైట్లకి, 85 ఎర్త్‌కి, అంటే బండి ఫ్రేముకి, 86కి స్విచ్ నుంచి వచ్చే వైరు. తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు చూసి స్విచ్‌కి అక్కడి నుంచి ఇవ్వు, అప్పుడు నువ్వు మర్చిపోయినా బ్యాటరీ దిగిపోదు. ఇవన్నీ నీకు తెలుసు.

ఇక ఫ్యూజు. నీ లైట్లు 20 వాట్లవి రెండంటే 40 వాట్లు. 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు కూడా లాగవు, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అది బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఉండాలి. లైట్ల దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరుకు ఏ కాపలా ఉండదు.

ఇది నాకు తెలియక కాదు. 1998 జనవరిలో మీ అత్తయ్యా నేనూ బుల్లెట్ మీద భద్రాచలం వెళ్లాం. బయల్దేరే ముందు రాత్రి బండికి 35 వాట్ల హాలోజన్‌లు రెండు బిగించాను. షాపులో ఫ్యూజు హోల్డర్లు అయిపోయాయి. ఊరందరి బండ్లకీ ఫ్యూజులు పెట్టేవాణ్ణి, నా బండికి మాత్రం వచ్చాక పెట్టుకుందాంలే అనుకున్నాను. వైరు ట్యాంకు కిందుగా తెచ్చి హ్యాండిల్ మెడ దగ్గర, అంటే హ్యాండిల్ ఫ్రేములో తిరిగే చోట, బిగుతుగా కట్టేశాను.

తిరుగు ప్రయాణంలో చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేసరికి చీకటి పడింది. ఒక మలుపులో హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పాను. ముందు రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఆ వెంటనే హెడ్‌లైట్ ఆరిపోయింది, ఇంజనూ ఆగిపోయింది. ట్యాంకు కింద నుంచి పొగ. పైన ట్యాంకు నిండా పెట్రోలు! బ్యాటరీ ఉన్న సైడు డబ్బా ఊడబీకి వైరు చేత్తోనే పట్టి లాగేశాను. నా కుడి అరచేతిలో అడ్డంగా ఉన్న మచ్చ నువ్వు చిన్నప్పుడు వేలితో తడిమి అడిగేదానివి, అది అప్పటిదే.

పైనుంచి లారీ దిగుతున్న చప్పుడు వినిపించింది. మేము మలుపు మధ్యలో ఉన్నాం, బండికి ఒక్క లైటూ లేదు. మీ అత్తయ్య తన తెల్లటి శాలువా విప్పి రోడ్డు మీదికి పరుగెత్తి ఊపింది. లారీ ఆగింది. ఆ ఆగిన దూరం ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

బండి రంపచోడవరంలో వదిలేశాం. పొద్దున ట్యాంకు విప్పి చూస్తే, మెడ దగ్గర వైరు తొడుగు బియ్యపుగింజంత మేర అరిగి రాగి మెరుస్తోంది. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఒరుసుకుని ఫ్రేముకి తగిలింది. ఆపేందుకు ఫ్యూజు లేదు. ఆ వైరు మండి, పక్కనున్న అసలు వైరింగ్‌నీ కరిగించేసింది. అత్తయ్య ఒక్కటే అడిగింది, "అందరికీ పెడతారుగా, మనకెందుకు పెట్టలేదు?" అని.

అందుకే చెప్తున్నాను, మెడ దగ్గర వైరు బిగించి కట్టకు. కాస్త వదులుంచి, దాని మీద స్లీవ్ గొట్టం తొడుగు. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కడైనా లాగుతోందా, నలుగుతోందా అని వేలు పెట్టి చూడు. కంగారుపడకు. పని సగంలో చీకటి పడితే వదిలేసి మర్నాడు చెయ్యి.

లైట్లు కిందికి వంచి బిగించు. మంచులో వెలుగు పైకి పడితే కళ్ల ముందు తెల్లగోడ లేస్తుంది. ఎదురుగా బండి కనపడితే ఆర్పేయి, వాళ్ల కళ్లూ కళ్లేగా తల్లీ.

అత్తయ్య మూడు ఫ్యూజు హోల్డర్లు, పది 5 ఆంపియర్ల ఫ్యూజులు ఒక డబ్బాలో సర్దింది. రేపు బస్సు పార్సిల్‌లో వేస్తాను. డబ్బాలో సున్నుండలు కూడా ఉన్నాయి. ట్యాంకు తిరిగి ఎక్కించకముందు హ్యాండిల్ మెడ దగ్గర ఫోటో తీసి పంపు. రాత్రి ఎంతయినా పర్వాలేదు, నేను చూసి చెప్పాకే ట్యాంకు బిగించు.

మీ మామయ్య