మా అమ్మాయికి లెక్కలు ఎక్కడం లేదు.. మంచి టానిక్ ఏదైనా చెబుతారా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. పదో తరగతి వరకు ఊళ్లోనే తెలుగు మీడియంలో చదివింది, మంచి మార్కులే వచ్చేవి. కాలేజీలో చేరాక వారం వారం పెట్టే టెస్టుల్లో మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌కు మార్చారు. అప్పటి నుంచి పుస్తకం ముట్టదు. ‘ఎంత చదివినా ఇంతే, నా బుర్రకు లెక్కలు ఎక్కవు’ అంటోంది. పోయిన రెండు టెస్టుల్లో పేపర్ ఖాళీగా ఇచ్చి వచ్చింది. రాత్రి నిద్ర పట్టడం లేదంటే మా అమ్మ వేసుకునే ఆల్ప్రజోలామ్ మాత్రలో సగం ఇస్తున్నాం, రెండు నెలలవుతోంది. ఎప్పుడూ నీరసం. బియ్యం డబ్బా దగ్గర నిలబడి పచ్చి బియ్యం నములుతుంటుంది. మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావు, నాకూ అంతంతమాత్రమే. మొన్న ‘నేను లేకపోతే మీకు ఫీజు డబ్బులన్నా మిగిలేవి’ అంది, మాటవరసకే అనుకోండి. ఈ ఉత్తరం రాస్తున్నట్టు తనకు తెలియదు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పగలరు. - ఒక తండ్రి

జవాబు: టానిక్ సంగతి తర్వాత. ‘నేను లేకపోతే’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మీరు దాన్ని టానిక్ ముందు ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు.

నిద్ర లేదు, చదువు వదిలేసింది, పైగా ఈ మాట. మాటవరసకు అన్నదే కావచ్చు. అవునో కాదో ఉత్తరం చదివి నేను తేల్చలేను, మీరూ ఊహించుకుని ఊరుకోకూడదు. ఈ రోజే పక్కన కూర్చుని నేరుగా అడగండి, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?’ అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారని పిల్లలు ఊపిరి పీల్చుకోవడమే నేను ఎక్కువగా చూశాను. అవునన్నా, జవాబు చెప్పకుండా తల దించుకున్నా, ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి అయితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులు, పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు తాళం వేసిన చోట పెట్టండి. అడగడానికి ముందే ఈ పని చేయండి.

ఇప్పుడు ఆ సగం మాత్ర. పెద్దవాళ్ల మందు పిల్లలకు పెట్టడం నేను రోజూ చూసే విషయమే, అయినా ప్రతిసారీ కోపం వస్తుంది. ఆల్ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే మెడికల్ షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి పెట్టాలి. ఇంత కట్టుదిట్టం ఊరికే పెట్టలేదు. ఈ జాతి మందులకు కొత్త విషయాలు మెదడులో నిలవకుండా అడ్డుపడే గుణం ఉంది. ఆపరేషన్‌కు ముందు ఇలాంటి ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లకు ఆ తర్వాత జరిగింది గుర్తుండకపోవడానికి కారణం అదే. అంటే కొత్తగా నేర్చుకునేది నిలవకుండా అడ్డుపడే మందు మీరే రాత్రి ఇస్తూ, పొద్దున జ్ఞాపకశక్తికి టానిక్ అడుగుతున్నారు. అలాగని ఇది చదివి ఈ రాత్రి నుంచే టక్కున ఆపేయకండి. రెండు నెలలు రోజూ వేసుకున్న మాత్రను ఒక్కసారిగా మానితే నిద్ర మరీ చెడుతుంది, ఆందోళన పెరుగుతుంది, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. డోసు పెంచకండి, ఈ రెండు మూడు రోజుల్లో సైకియాట్రిస్ట్‌కు చూపించండి, ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు. మీ అమ్మగారి మాత్ర గురించి కూడా ఆమె డాక్టర్‌ను ఒకసారి అడగండి. ఆ వయసులో దానితో తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

పచ్చి బియ్యం. మీరు దాన్ని అలవాటు అనుకుంటున్నారు, నాకు అది ఇనుము లోపంలా కనిపిస్తోంది. బియ్యం, సుద్ద, మట్టి, ఐసు ముక్కలు తినబుద్ధి కావడం రక్తహీనతలో మామూలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒళ్లు నీరసంగా ఉంటే దృష్టి నిలవదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), థైరాయిడ్ చేయించండి, కళ్లు కూడా చూపించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టర్ మాత్రలు రాస్తారు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందేమో అమ్మను అడగమనండి, ఈ వయసు పిల్లలు నాన్నకు చెప్పరు.

ఇవన్నీ చూశాకే ‘లెక్కలు రావు’ అన్నదాని దగ్గరికి రావాలి. పదో తరగతి దాకా మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల కాబట్టి డిస్కాల్కులియా (చిన్నప్పటి నుంచే అంకెలు, లెక్కలు పట్టుబడని ఇబ్బంది) లాంటిది ఉండే అవకాశం తక్కువ. డిప్రెషన్ ఉందో లేదో చూడకుండా చెప్పను.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ ఖాళీ పేపర్. లెక్కలు రాని పిల్లలు తప్పో ఒప్పో ఏదో ఒకటి రాసి వస్తారు. ఏమీ రాయకుండా రావడం వేరే సంగతి. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. (ఈ రోజుల్లో అయితే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.) కొన్ని కుక్కలకు కరెంట్ షాక్ తగిలినప్పుడు తలతో ఒక పలకను నొక్కి ఆపుకునే వీలు ఇచ్చారు. మరికొన్నింటికి అంతే షాక్, కానీ ఏం చేసినా ఆగదు. తర్వాత రెండు రకాల కుక్కలనూ ఒక పెట్టెలో పెట్టారు. మధ్యలో ఉన్న చిన్న అడ్డు దూకితే చాలు, షాక్ తప్పుతుంది. మొదటి రకం దూకేశాయి. రెండో రకంలో చాలా కుక్కలు ప్రయత్నమే చేయలేదు, కూలబడి భరించాయి. వారం వారం టెస్టు, వారం వారం అందరి ముందు మార్కులు, చివరికి సెక్షన్ మార్పు. మీ అమ్మాయి ఏం చేసినా ఆగని షాక్ ఇదే.

ఆ కుక్కలను మళ్లీ ఎలా దారిలో పెట్టారన్నది మనకు ముఖ్యం. పిలిస్తే రాలేదు, తిండి చూపించినా రాలేదు. మెడకు తాడు కట్టి అడ్డు ఇవతలికి లాగాల్సి వచ్చింది, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ తర్వాతే వాటంతట అవి దూకడం మొదలుపెట్టాయి. ‘నువ్వు చేయగలవు బంగారం, కాస్త కాన్ఫిడెన్స్ తెచ్చుకో’ అని మీరెంత చెప్పినా పిల్లకు ఎక్కడం లేదంటే ఆశ్చర్యం లేదు. మొదటి మెట్టు పక్కన ఉండి ఎక్కించాలి.

దాదాపు 50 ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే, ‘ఏం చేసినా లాభం లేదని ఆ కుక్కలు నేర్చుకున్నాయి’ అన్న తమ పాత మాటను తిరగేశారు. ఎడతెగకుండా దెబ్బ తగులుతుంటే చతికిలబడటం ఎవరూ నేర్చుకునేది కాదు, అది పుట్టుకతో ఉన్న స్పందనే, మెదడు నేర్చుకోవాల్సింది ‘ఇందులో కొంత నా చేతిలో ఉంది’ అన్నదాన్ని అని రాశారు. అందుకే ఆమెను బద్ధకం అని తిట్టకండి. అలాగే ‘మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావు’ అన్న మాట ఇంట్లో మళ్లీ ఎత్తకండి. మీరు ఓదార్పుగా అంటున్నారు, ఆమె దాన్ని తీర్పులా వింటోంది.

సులువైన లెక్కలు ఇచ్చి మెచ్చుకుంటే సరిపోతుందా అంటే, చాలదు. 1975లో కరోల్ డ్వెక్ అనే సైకాలజిస్ట్ ఇలా చేతులెత్తేసే 12 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎప్పుడూ వచ్చే లెక్కలే ఇచ్చారు. రెండో జట్టుకు అప్పుడప్పుడు తప్పేలా పెట్టి, తప్పినప్పుడు ఇంకాస్త ప్రయత్నించాల్సిందని చెప్పారు. తర్వాత లెక్క తప్పినప్పుడు మొదటి జట్టు మళ్లీ డీలా పడింది, రెండో జట్టు తట్టుకుంది. మీ అమ్మాయితో ‘ఇంకా కష్టపడు’ అని మాత్రం అనకండి, ఆమె పడిన కష్టం ఆమెకు తెలుసు. తప్పు ఎక్కడ జరిగిందో చూపించండి.

దానికి మీకు లెక్కలు రానక్కర్లేదు. టెస్టులో ఏదో కొంత రాసిన పాత పేపర్ ఒకటి తీసి, ఒక్క లెక్క దగ్గర కూర్చోండి. ‘ఎన్ని మార్కులు’ అని కాకుండా ‘ఎక్కడిదాకా వచ్చావు, ఎక్కడ ఆగావు’ అని అడగండి. ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టమనండి. మూడు వారాలు అలా చేస్తే గీతలన్నీ రెండు మూడు చోట్లే పడుతున్నట్టు తెలుస్తుంది. ఒక అమ్మాయి నా దగ్గర కూర్చుని ఇలాగే గీతలు పెడుతుంటే, సగం గీతలు లెక్క మొదలవకముందే, ప్రశ్న దగ్గరే పడ్డాయి. కర్ణం అంటే ఆమెకు తెలుసు, హైపోటెన్యూస్ అంటే తెలియదు. సమీకరణం తెలుసు, ఈక్వేషన్ అని వేగంగా చదివితే తట్టదు. నేనూ తెలుగు మీడియంలో చదివే మెడిసిన్‌కు వెళ్లాను, మొదటి ఆరు నెలలు నాకు బుర్ర లేదనే అనుకున్నాను. మీ పిల్లది కూడా ఇదేనని చెప్పను, కానీ చూడకుండా వదలకండి. కాలేజీలో ఆమెను పేరు పెట్టి పిలిచే లెక్చరర్ ఒక్కరున్నా వెళ్లి కలవండి. కొన్నాళ్లు మార్కులు చదివి వినిపించడం ఆపమని అడగండి.

చిన్నగా కసురుకున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు రాశారు, అదే చాలామంది చేయరు. కానీ పేపర్ మొదటిసారి ఖాళీగా వచ్చినప్పుడే ఎవరికైనా చూపించాల్సింది.

ఈ వారం డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పు, టెస్టు పేపర్లు, రక్తపరీక్షల రిపోర్టులు పట్టుకెళ్లండి. టానిక్ కొనకండి. ఈ ఉత్తరం సంగతి మాత్రం డాక్టర్ దగ్గరికి బయల్దేరే ముందే అమ్మాయికి చెప్పండి. అక్కడికి వెళ్లాక వాళ్లు మొదట ఆమెతో ఒంటరిగా మాట్లాడతారు, మీరు బయట కూర్చోవాల్సి ఉంటుంది.