నలుగురు తోబుట్టువులు, రెండున్నర రోజులు: మైసూరు వెళ్లొచ్చా?

"హైదరాబాద్ నుంచి ఇద్దరు అక్కలు, అన్నయ్య, నేను కలిసి మైసూరు వెళ్దామనుకుంటున్నాం. వెళ్లొచ్చినవాళ్లలో సగంమంది అద్భుతం అంటున్నారు, సగంమంది అక్కడేముంది అంటున్నారు. ఎవరిని నమ్మాలి?" అని ఒకరు అడిగారు.

ఇద్దరి మాటా నిజమే. తేడా చాలావరకు వాళ్లు ఊళ్లో ఉన్న రోజుల్ని బట్టి వస్తుంది. ఆదివారం రాత్రి ఊళ్లో ఉన్నవాళ్లు మొదటి మాట అంటారు. శనివారం దిగి ఆదివారం మధ్యాహ్నానికల్లా తిరుగు రైలెక్కినవాళ్లు రెండో మాట అంటారు. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో సాయంత్రం 7 నుంచి 7:45 వరకు ప్యాలెస్‌ మీద లక్షకు కాస్త తక్కువ బల్బులు వెలుగుతాయి. మిగతా రోజుల్లో సౌండ్ అండ్ లైట్ షో చివర కాసేపు వెలిగిస్తారు గానీ, తృప్తిగా చూసే వ్యవధి ఉండదు.

చిక్కల్లా రైలుతోనే. కాచిగూడ–మైసూరు ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయం దింపుతుంది, బాగానే ఉంటుంది. తిరుగు బండి మాత్రం మైసూరులో మధ్యాహ్నమే బయల్దేరుతుంది. అంటే ఆదివారం తిరుగు ప్రయాణం పెట్టుకుంటే దీపాలు పోయినట్టే. ఉద్యోగాల వాళ్లు శని, ఆదివారాల్లో ఇరికించాలని చూస్తారు, అక్కడే దెబ్బ తింటారు. శనివారం సాయంత్రం ఎక్కండి, మంగళవారం మధ్యాహ్నం తిరిగి ఎక్కండి. సెలవు రెండు రోజులే ఖర్చవుతుంది.

ఆదివారం దిగాక పెద్ద కార్యక్రమాలేవీ వద్దు. స్నానాలు, భోజనాలు, ఓ గంట నడుం వాల్చడం అయ్యాక మూడింటికల్లా ప్యాలెస్‌ లోపలికి వెళ్లండి, 5:30కి మూసేస్తారు. చెప్పులు స్టాండులో పెట్టాలి. నలుగురివీ ఒకే సంచిలో వేసి ఒకే టోకెన్ తీసుకుంటే బయటికొచ్చాక నలుగురూ వరసలో నిలబడక్కర్లేదు. లోపల దారి ఒకవైపే సాగుతుంది, వెనక్కి వచ్చి చూద్దామంటే కుదరదు. కల్యాణ మంటపం దగ్గర మాత్రం జనం తోస్తున్నా గోడవారగా ఆగి తలెత్తండి: పైకప్పంతా నెమళ్ల రంగుటద్దాలు, గ్లాస్గోలో చేయించి తెప్పించినవి. కింద ఇనుప స్తంభాలు. పాత చెక్క ప్యాలెస్ 1897లో పెళ్లి వేడుకల్లో తగలబడిపోయింది. అందుకే హెన్రీ ఇర్విన్ గీసిన కొత్త దాంట్లో ఇనుము, రాయి అంత ఎక్కువ. 1912కి పూర్తయింది.

5:30కి బయటికొస్తే దీపాలకు గంటన్నర ఖాళీ. అక్కడే కూర్చుంటే చిరాకులు మొదలవుతాయి. దగ్గర్లోనే ఉన్న దేవరాజ మార్కెట్‌కి నడవండి. మల్లెపూల మూరలు, కుప్పగా పోసిన కుంకుమ, రంగుల గుట్టలు చూడ్డానికి బాగుంటాయి. అత్తరు కొట్లో చేతి మీద ఒక చుక్క రాశారంటే బేరం మొదలైనట్టే, కొనే ఉద్దేశం లేకపోతే చెయ్యి చాపకండి. 6:30కల్లా ప్యాలెస్‌ ఆవరణలోకి తిరిగి రండి, దీపాలు చూడ్డానికి టికెట్ లేదు. ఏడు కొట్టగానే మొత్తం ఒక్కసారిగా వెలుగుతుంది. గోపురం, కమానులు, కిటికీ అంచులు చీకట్లో పసుపు గీతలుగా లేచి నిలబడతాయి, పక్కన బ్యాండు వాయిస్తుంటారు. ఫోన్లో ఫొటో తీస్తే ప్యాలెస్ బదులు తెల్లటి మచ్చ పడుతుంది. తెరమీద బల్బుల వరస మీద వేలుపెట్టి నొక్కి, వెలుతురు తగ్గించి తియ్యండి. మే, జూన్‌లలో ఏడింటికి ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది కాబట్టి ఫొటోలు డిసెంబరు కంటే బాగా వస్తాయి.

బృందావన్ గార్డెన్స్ సంగతి. ఫౌంటెన్ ఆట కూడా సాయంత్రమే, ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో. ఆదివారం రెండూ చూపిస్తానని ఆటో లేదా కారు అతను అంటే నమ్మకండి, ఏదో ఒకటి సగంలో వదిలేయాల్సి వస్తుంది. నన్నడిగితే బృందావన్ మానేసినా నష్టం లేదు. గేటు నుంచి ఫౌంటెన్ దాకా చాలా నడక, చివరికి జనం తలల మీదుగా చూడటం, ఆ తర్వాత బండి కోసం తన్నులాట. పెద్దక్కకి మోకాళ్ల నొప్పులుంటే అసలే వద్దు. అక్కడ పెద్ద విశేషం పక్కనే ఉన్న కృష్ణరాజసాగర్ ఆనకట్టే. దాన్ని కట్టించిన విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరు మోక్షగుండం మన ఆంధ్రాలోని ఊరిపేరే. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆలోచన ఇచ్చిందీ ఆయనే.

సోమవారం పొద్దున్నే చాముండి కొండ. మంగళ, శుక్రవారాలు అమ్మవారి దర్శనానికి రద్దీ, అందుకే సోమవారం. సిటీ బస్టాండు నుంచి 201 నంబరు బస్సులో పైకి వెళ్లి, దిగేటప్పుడు మెట్లు వాడండి. మొత్తం దాదాపు వెయ్యి మెట్లు. పైనుంచి ఓ మూడొందలు దిగితే పదిహేడో శతాబ్దంలో ఏకశిలలో చెక్కిన పెద్ద నంది వస్తుంది. నంది దగ్గరికి రోడ్డు కూడా ఉంది కాబట్టి దిగలేనివాళ్లు ఆటోలో వచ్చి అక్కడ కలుసుకోవచ్చు. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకి కష్టం, మిగతా ఏడొందలూ అందరూ దిగాలని పట్టుబట్టకండి.

కొండ దిగాక నజర్‌బాద్‌లో మైలారి దోసె. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ నిరాశపడతారు. కరకరలాడే నేతి కారం దోసె అనుకుని వెళ్తారు. వచ్చేది మెత్తగా, దూదిలా, లోపల సాగు అనే కూరగాయల కూర, పైన వెన్నముద్ద, పక్కన కొబ్బరి చట్నీ. అల్లం పచ్చడి అడక్కండి, ఉండదు. చిన్నవి కాబట్టి మనిషికి రెండు చెప్పండి.

ఆ తర్వాత నలుగురికీ కలిపి కారు మాట్లాడుకుని సోమనాథపురం వెళ్లండి, 35 కిలోమీటర్లు. 2023లో బేలూరు, హళేబీడులతో కలిపి యునెస్కో జాబితాకెక్కిన, హొయసల రాజుల నాటి గుడి. జనం తక్కువ, పూజలు లేవు, తీరిగ్గా చూడొచ్చు. పైకప్పుల్లో అరటిపువ్వు మొగ్గల్లాంటి చెక్కడం ఒకదానిలా ఇంకోటి ఉండదు. విగ్రహాల పీఠాల మీద శిల్పుల సంతకాలున్నాయి, మల్లితమ్మ పేరు పదేపదే కనిపిస్తుంది. పాత కన్నడ లిపి మన లిపికి దగ్గర కాబట్టి కొన్ని అక్షరాలు కూడబలుక్కోవచ్చు. నా లెక్కలో దీపాల తర్వాత ఈ గుడే. తిండి దొరుకుతుందని నమ్ముకోకండి, మైసూరులోనే తిని బయల్దేరండి.

మంగళవారం జూకి సెలవు. జూ కావాలన్నవాళ్లు సోమవారం సోమనాథపురం మానేసి అటు వెళ్లొచ్చు. ప్యాలెస్, మార్కెట్, జూ అన్నీ దగ్గర దగ్గరే కాబట్టి ఈ ఊళ్లో ఇద్దరిద్దరుగా విడిపోయి మళ్లీ కలవడం సులువు. చివరి పూట పట్టుచీరలకు ఉంచండి. "గవర్నమెంటు ఎంపోరియం చూపిస్తా, పది రూపాయలే" అన్న ఆటో ఎక్కితే కమీషన్ కొట్టుకే చేరతారు. అసలు మైసూరు సిల్క్ కావాలంటే కర్ణాటక ప్రభుత్వ పట్టు సంస్థ కేఎస్‌ఐసీ షోరూముకే వెళ్లి, చీర మీద హోలోగ్రామ్, నంబరు చూసుకోండి. నచ్చిన రంగు దొరక్కపోవచ్చు, దొరికినా ధర ఎక్కువే. అన్నయ్యని ఆ రెండు గంటలు సయ్యాజీరావు రోడ్డులో మైసూర్‌పాక్ కొట్టుకి పంపించేయండి. రైలు టైముకి రెండు గంటల ముందే బేరాలు ముగించండి.