క్లౌడ్ సేవలు లేకుండా ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే కాంటాక్టులు, ఒకే క్యాలెండర్: మా ఆఫీసులో నడుస్తున్న ఏర్పాటు

మీ కంప్యూటర్‌లో విండోస్, థండర్‌బర్డ్ (ఈమెయిల్, క్యాలెండర్ ప్రోగ్రాము) ఉన్నాయనీ, ఫోన్ ఆండ్రాయిడ్ అనీ, కాంటాక్టులు, క్యాలెండర్ రెండు చోట్లా ఒకేలా ఉండాలి గానీ అవి ఏ కంపెనీ సర్వర్‌కూ చేరకూడదనీ రాశారు. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని, నా అవసరం కూడా సరిగ్గా ఇదే. కోర్టు హాల్లో కేసు వాయిదా పడగానే ఆ తేదీని ఫోన్‌లో ఎక్కిస్తాను. సాయంత్రానికి అది ఆఫీసులో మా గుమాస్తా గారు చూసే కంప్యూటర్‌లో కనిపించాలి, ఆయన అక్కడ చేర్చిన కక్షిదారు నంబరు మర్నాటికి నా ఫోన్‌లో ఉండాలి. ఇలా రెండు వైపులా మార్పులు జరిగేచోట కేబుల్ తగిలించి ఫైళ్ళు కాపీ చేసుకునే పద్ధతి నిలవదు.

సింక్‌థింగ్ వంటి ఫైల్ సింక్ (రెండు పరికరాల్లోనూ ఫైళ్ళను ఒకేలా ఉంచే) ప్రోగ్రాములను చాలామంది సూచిస్తారు. అవి మంచివే, కానీ ఈ పనికి తగవు. క్యాలెండర్ మొత్తం ఒకే ఐసీఎస్ (క్యాలెండర్ వివరాలు దాచే రకం) ఫైలుగా ఉన్నప్పుడు ఫోన్‌లో ఒక వాయిదా, కంప్యూటర్‌లో వేరొక వాయిదా మారితే, ఆ ప్రోగ్రాము రెండింటినీ కలపలేక రెండో ప్రతిని పక్కన వేరే ఫైలుగా పడేస్తుంది. దీనికి సరైన మార్గం క్యాలెండర్‌కు క్యాల్‌డావ్, కాంటాక్టులకు కార్డ్‌డావ్ అనే ప్రమాణాలు. మొదటిది 2007లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 4791గా, రెండోది 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6352గా వెలువడ్డాయి. వీటిలో ప్రతి కాంటాక్టూ, ప్రతి తేదీ నమోదూ విడివిడి వస్తువు, ప్రతిదానికీ ఒక గుర్తు ఉంటుంది. వస్తువు మారినప్పుడు ఆ గుర్తు మారుతుంది కనుక, మారినదాన్ని మాత్రమే తెచ్చుకుంటే సరిపోతుంది. అందువల్ల ఫోన్‌నూ కంప్యూటర్‌నూ ఒకదానితో ఒకటి కలపాలని చూడకుండా, మీ కంప్యూటర్‌లోనే ఒక చిన్న సర్వర్ పెట్టి, ఫోనూ థండర్‌బర్డూ రెండూ దానితో మాట్లాడేలా చేయమని నా సలహా.

నేను వాడే సర్వర్ పేరు రాడికేల్. ఇది పైథాన్‌లో రాసిన, ఉచితంగా దొరికే, చాలా తేలికైన ప్రోగ్రాము. డేటాబేస్ ఏదీ లేకుండా, ఒక్కో కాంటాక్టును ఒక్కో వీసీఎఫ్ (కాంటాక్టు వివరాల) ఫైలుగా, ఒక్కో తేదీ నమోదును ఒక్కో ఐసీఎస్ ఫైలుగా మామూలు ఫోల్డర్లలో దాస్తుంది. ఏదైనా తేడా వస్తే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసుకోగలగడం నేను దీన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణం. విండోస్‌లో ముందుగా పైథాన్ ఇన్‌స్టాల్ చేసి, దానితో వచ్చే పిప్ అనే ఇన్‌స్టాలర్ ద్వారా రాడికేల్‌ను తెచ్చుకోవాలి. అది మామూలుగా 5232 పోర్టులో (నెట్‌వర్క్ ద్వారా ప్రోగ్రామును చేరుకునే ద్వారం సంఖ్య), తానున్న కంప్యూటర్ మాటలు మాత్రమే వింటుంది. ఫోన్ కూడా చేరుకోవాలంటే కాన్ఫిగరేషన్ ఫైలులో చిరునామాను 0.0.0.0:5232గా మార్చి, విండోస్ ఫైర్‌వాల్‌లో ఆ పోర్టును ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రమే తెరవాలి. పాస్‌వర్డ్ లేకుండా నడపవద్దు, సొంత ఇల్లే అయినా వైఫై పాస్‌వర్డ్ ఎందరి చేతుల్లో ఉందో ఒకసారి గుర్తు చేసుకోండి. అదే కారణంతో సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం) పెట్టి, సమాచారాన్ని సంకేతంగా మార్చి పంపే హెచ్‌టీటీపీఎస్‌లో నడపడం మేలు. థండర్‌బర్డ్ సెట్టింగుల్లోని సర్టిఫికెట్ మేనేజర్‌లో దానికి మినహాయింపు ఇవ్వవచ్చు, ఫోన్‌లోని యాప్ అయితే మొదటిసారి అడిగి ఊరుకుంటుంది. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే ఐపీ చిరునామా వచ్చేలా రిజర్వేషన్ పెట్టండి, లేకపోతే కరెంటు పోయి వచ్చాక చిరునామా మారిపోయి సింక్ ఆగుతుంది. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉన్నా సర్వర్ దొరకదు, ఎందుకంటే చాలా రౌటర్లు గెస్టులను మిగతా పరికరాలకు దూరంగా ఉంచుతాయి.

సర్వర్ నడిచాక బ్రౌజర్‌లో దాని చిరునామా తెరిస్తే వచ్చే పేజీలో ఒక అడ్రస్ బుక్కునూ, ఒక క్యాలెండర్‌నూ సృష్టించాలి. థండర్‌బర్డ్‌లో క్యాలెండర్ 78వ వెర్షన్ నుంచీ, కార్డ్‌డావ్ 2021లో వచ్చిన 91వ వెర్షన్ నుంచీ లోపలే ఉన్నాయి కనుక వేరే యాడాన్ (అదనంగా చేర్చే భాగం) అక్కరలేదు. చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలు.

ఆండ్రాయిడ్‌కు ఈ ప్రమాణాలు సొంతంగా తెలియవు. డావ్ఎక్స్5 అనే యాప్ కావాలి. పాత వ్యాసాల్లో ఇది డావ్‌డ్రాయిడ్ అన్న పేరుతో కనిపిస్తుంది. ఎఫ్‌డ్రాయిడ్ అనే యాప్ స్టోర్‌లో ఉచితం, ప్లే స్టోర్‌లో డబ్బు చెల్లించాలి. ఇందులో మీ వైఫై పేరు ఇచ్చి ఆ వైఫైలో ఉన్నప్పుడే సింక్ చేయమని చెప్పవచ్చు, అయితే అందుకు లొకేషన్ అనుమతి ఇవ్వాలి. బయట ఉన్నప్పుడు చేసిన మార్పులు ఫోన్‌లోనే ఉండి, ఆ వైఫై పరిధిలోకి రాగానే సర్వర్‌కు చేరతాయి. దీనికోసం రౌటర్‌లో పోర్టు తెరిచి సర్వర్ ఉన్న కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు చూపించవలసిన అవసరం నాకు ఎన్నడూ కనిపించలేదు. బ్యాటరీ ఆదా పేరుతో వెనుక నడిచే యాప్‌లను ఆపేసే ఫోన్లు ఉన్నాయి, వాటిలో డావ్ఎక్స్5కు మినహాయింపు ఇవ్వండి.

అసలు చిక్కు పాత కాంటాక్టులను తరలించడంలో ఉంది, అందులోనూ మీరు పేర్లను తెలుగులో రాసుకునేవారైతే మరీ జాగ్రత్త అవసరం. ఆండ్రాయిడ్ ఎగుమతి చేసే వీసీఎఫ్ ఫైలు చాలా ఫోన్లలో వీకార్డ్ (కాంటాక్టు వివరాలు రాసే ప్రమాణం) 2.1 రూపంలో ఉంటుంది, అందులో తెలుగు అక్షరాలు కోటెడ్ ప్రింటబుల్ అనే సంకేతంలోకి మారిపోతాయి. ఆ ఫైలును తెరిచి చూస్తే పేరు ఉండవలసిన చోట సమాన గుర్తులు, ఈ0, బీ0 అన్న జతలు వరుసగా కనిపిస్తాయి. దాన్ని నేరుగా కంప్యూటర్‌లోకి దిగుమతి చేస్తే కొన్ని ప్రోగ్రాములు ఆ గుర్తులనే పేరుగా పెట్టేస్తాయి. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుగా మార్చి ఎక్సెల్‌లో తెరిచి సరిచేద్దామనుకుంటే తెలుగు ఇంకా పాడయ్యే అవకాశం ఎక్కువ. తేలిక మార్గం ఏమిటంటే, ఫోన్‌లో ఎగుమతి చేసిన ఫైలును ఫోన్‌లోనే తిరిగి దిగుమతి చేస్తూ, ఏ ఖాతాలోకి అని అడిగినప్పుడు డావ్ఎక్స్5 అడ్రస్ బుక్కును ఎంచుకోవడం. తాను రాసినదాన్ని ఫోన్ సరిగ్గానే చదువుకుంటుంది. ఆ తర్వాత డావ్ఎక్స్5 వాటిని కొత్త వీకార్డ్ రూపంలో, యూనికోడ్‌లో సర్వర్‌కు పంపుతుంది. అన్నీ చేరాయని థండర్‌బర్డ్‌లో చూసుకున్నాకే పాత ప్రతులను తీసేయండి. కొత్త కాంటాక్టులు డిఫాల్ట్‌గా ఈ ఖాతాలోకే వెళ్ళేలా కాంటాక్ట్స్ యాప్‌లో అమర్చడం కూడా మరవకండి.

మన పేర్లతో ఇంకో ఇబ్బంది ఉంది. వీకార్డ్‌లో కుటుంబ నామానికి ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. ఇంటిపేరు మొదటి అక్షరం ముందు రాసే మన అలవాటును కొన్ని యాప్‌లు అర్థం చేసుకోలేక ఆ అక్షరాన్ని సొంత పేరుగా, చివరనున్న ‘రావు’నో ‘రెడ్డి’నో కుటుంబ నామంగా విడదీస్తాయి. కుటుంబ నామం ప్రకారం వరుస పెడితే రావులందరూ ఒకే గుంపులో చేరతారు. మేము థండర్‌బర్డ్‌లో ఈ గడులను సరిదిద్దుకున్నాం, ఒకచోట దిద్దితే ఫోన్‌లోనూ దిద్దినట్టే.

క్యాలెండర్‌లో వాయిదాలను గంట పెట్టకుండా రోజంతా అనే రకంగా నమోదు చేస్తాం, వివరాల్లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ కోర్టు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాస్తాం. ఇక తిథుల ప్రకారం వచ్చే పండుగలూ తద్దినాలూ ఈ పద్ధతిలో ఏటా వాటంతట అవే రావు. గ్రెగోరియన్ కాని క్యాలెండర్ల పునరావృతానికి 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7529 వచ్చినా, మనం వాడే యాప్‌లలో దాని వల్ల పంచాంగం తిథులు రావు. ఉగాదికి కొత్త పంచాంగం చూసి చేత్తో వేసుకోవడమే దారి.

మీ లక్ష్యం గోప్యత కనుక ఒక మాట చెప్పాలి. ఇదంతా చేశాక కూడా ఫోన్‌లో గూగుల్ ఖాతా కాంటాక్ట్స్ సింక్‌నూ, ఫోన్‌లోని కాంటాక్టులను బ్యాకప్ చేసే ఎంపికనూ విడిగా ఆపాలి. కాల్ చేసినవారి పేరు చూపే యాప్‌ల వంటివాటికి కాంటాక్ట్స్ అనుమతి ఇచ్చి ఉంటే, మీ సర్వర్ ఇంట్లోనే ఉన్నా, జాబితా వాటి ద్వారా బయటకు వెళ్ళవచ్చు. నా దృష్టిలో సర్వర్ పెట్టడం కన్నా ఈ అనుమతుల తనిఖీయే ముఖ్యం.

ఇంట్లో ఎవరికైనా ఐఫోన్ ఉంటే అందులో క్యాల్‌డావ్, కార్డ్‌డావ్ ఖాతాలు సెట్టింగుల్లోనే ఉన్నాయి, యాప్ అక్కరలేదు, కానీ సొంత సర్టిఫికెట్‌ను నమ్మించడానికి దాన్ని ప్రొఫైల్‌గా ఇన్‌స్టాల్ చేయాలి.

ఒకే నమోదును ఇద్దరూ సింక్‌కు ముందే మారిస్తే డావ్ఎక్స్5 సర్వర్‌లో ఉన్న ప్రతినే నిలుపుతుంది, ఫోన్‌లో చేసిన మార్పు పోతుంది. అందుకే మా ఆఫీసులో వాయిదా తేదీని నేను మాత్రమే మారుస్తాను, గుమాస్తా గారు కొత్త నమోదులు చేస్తారు. అలాగే ఒకచోట తొలగించినది అన్నిచోట్లా పోతుంది కనుక సింక్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టకండి. రాడికేల్ ఫోల్డర్‌ను వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. గిట్ (ఫైళ్ళ పాత రూపాలను భద్రపరిచే ప్రోగ్రాము) తెలిసినవారైతే ప్రతి మార్పు తర్వాత దానంతట అదే కమిట్ (ఆ రూపం నమోదు) అయ్యేలా రాడికేల్ సెట్టింగుల్లో హుక్ (తానే నడిచే ఆదేశం) రాసుకోవచ్చు. అలా ఉంచితే పొరపాటున పోయిన ఒక్క నంబరు కోసం మొత్తం జాబితాను వెనక్కి తేనక్కరలేదు, ఆ ఒక్క వీసీఎఫ్ ఫైలును పాత కమిట్ నుంచి తీసి థండర్‌బర్డ్‌లో దిగుమతి చేస్తే చాలు.